డెంటల్ బ్రిడ్జి: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒకావిడ చేతిరుమాలులో చుట్టుకుని మూడు పళ్ళ బ్రిడ్జి పట్టుకొచ్చారు. ఆరేళ్ళ కిందట వేరే ఊళ్ళో కట్టించుకున్నారట. బ్రిడ్జి మీద చిన్న గీత కూడా లేదు. దాన్ని మోసిన పన్ను మాత్రం లోపల్లోపలే పుచ్చిపోయి చిగురు దగ్గర విరిగింది. "పెట్టుడు పళ్ళకు పుచ్చు రాదు కదండీ, అందుకే అక్కడ పెద్దగా పట్టించుకోలేదు" అన్నారు. దాని కింద ఎలా శుభ్రం చేసుకోవాలో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు, చెప్పాల్సింది మా డాక్టర్లమే. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

ముందు బ్రిడ్జి అంటే ఏమిటో చూద్దాం. పోయిన పన్నుకు అటూ ఇటూ ఉన్న పళ్ళను కొంత అరగదీసి వాటికి క్యాప్‌లు వేస్తాం. ఆ రెండు క్యాప్‌ల మధ్య, పోయిన పన్ను స్థానంలో ఇంకో పన్ను అతికి ఉంటుంది. మూడూ కలిసి ఒకే ముక్క. మధ్య పన్నుకు వేరు ఉండదు, చిగురు మీద ఊరికే ఆని ఉంటుంది. మనం నమిలే బరువంతా ఆ రెండు పక్క పళ్ళ వేళ్ళ మీదే పడుతుంది. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: పెట్టుడు పళ్ళకు పుచ్చు రాదు కాబట్టి అంత జాగ్రత్త అక్కర్లేదు.

క్యాప్‌లు తయారుచేసే సిరామిక్‌కో జిర్కోనియాకో (అదీ తెల్లటి గట్టి సిరామిక్ రకమే) పుచ్చు రాదన్నది నిజమే. కానీ క్యాప్ లోపల ఉన్నది మీ సొంత పన్ను. చిగురు దగ్గర క్యాప్ అంచు, పన్ను కలిసే చోట గార పేరుకుంటే పుచ్చు అక్కడే మొదలై లోపలికి పోతుంది. బ్రిడ్జిలు ఫెయిలవడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఆ పన్నుకు రూట్ కెనాల్ (లోపలి నరం తీసేసే చికిత్స) అయి ఉంటే నొప్పి కూడా తెలియదు, కాబట్టి బాగా ముదిరాక గానీ బయటపడదు.

మూడు పళ్ళూ అతుక్కుని ఉంటాయి కాబట్టి మామూలు ఫ్లాస్ (పళ్ళ సందులు శుభ్రం చేసే దారం) పైనుంచి దిగదు. అందుకు సూపర్ ఫ్లాస్ అని ఒక దారం దొరుకుతుంది. దాని కొస గట్టిగా సూదిలా ఉంటుంది. మధ్య పన్నుకీ చిగురుకీ నడుమ ఆ కొసను దూర్చి, అవతలికి లాగి, దారాన్ని ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు ఆడించాలి. సందు కాస్త వెడల్పుగా ఉంటే పళ్ళ సందుల్లో దూర్చే సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్ సరిపోతుంది. రోజూ రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాల పని. మొదటి వారం చేయి తిరగదు, తర్వాత అలవాటవుతుంది. మా దగ్గర బ్రిడ్జి అతికించిన రోజే అద్దం చేతికిచ్చి, పేషెంట్‌తోనే ఒకసారి చేయించి పంపుతాను. మీ డాక్టర్ చూపించకపోతే మొహమాటపడకుండా అడగండి. అక్కడ వాసన వస్తున్నా, తిన్నది ఇరుక్కుంటున్నా నొప్పి మొదలయ్యేదాకా ఆగొద్దు.

అపోహ: మంచి పళ్ళను అరగదీస్తే అవి పాడైపోతాయి.

ఈ భయంలో కొంత నిజం ఉంది. దాన్ని కొట్టిపారేసే డాక్టర్ మాటను నేనైతే నమ్మను. సిరామిక్ క్యాప్ కోసం దవడ పన్ను పైభాగాన్ని దాదాపు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు తీయాల్సి వస్తుంది. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. అందుకే పక్క పళ్ళు ఎలా ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. వాటికి ఇప్పటికే పెద్ద ఫిల్లింగులు ఉన్నా, ఎలాగూ క్యాప్‌లు అవసరమైనా బ్రిడ్జి చక్కటి దారి. అదే పాతికేళ్ళ అబ్బాయికి పక్క పళ్ళు రెండూ మచ్చలేకుండా ఉంటే, ఎముక సరిపడా ఉందో లేదో చూసి ముందు ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పన్ను కట్టడం) గురించే మాట్లాడతాను. ముందు పన్ను ఒక్కటే పోతే మేరీల్యాండ్ బ్రిడ్జి కూడా ఉంది. పక్క పన్నును దాదాపు తాకకుండా, దాని వెనక వైపు చిన్న రెక్కను అతికిస్తాం. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు పన్ను లోపలి నరం గది పెద్దగా ఉంటుంది. అందుకని వాళ్ళకు పళ్ళు అరగదీసే బ్రిడ్జి జోలికి పోకపోవడమే మంచిది.

దీని వెంటే వచ్చే ఇంకో మాట, "బ్రిడ్జి అంటే పక్క పళ్ళకు రూట్ కెనాల్ తప్పదు" అని. అలాంటి నియమం లేదు. పుచ్చు లోతుగా ఉంటేనో, పన్ను బాగా ఒరిగిపోయి ఎక్కువ అరగదీయాల్సి వస్తేనో చేస్తాం. ప్రాణమున్న పన్ను దెబ్బ తగిలితే నొప్పితో మనకు చెబుతుంది. కారణం లేకుండా ఆ నరం తీసేయడం నాకు ఇష్టం ఉండదు.

అపోహ: పోయింది వెనక పన్నే కదా, ఎవరికి కనిపిస్తుంది? కట్టించుకోకపోయినా ఫర్వాలేదు.

ఖాళీ అలాగే ఉండదు. వెనకున్న పన్ను ముందుకు ఒరుగుతుంది, ఎదుటి పన్ను ఆ ఖాళీలోకి దిగుతుంది. నాలుగైదేళ్ళ తర్వాత వస్తే బ్రిడ్జికి చోటే ఉండకపోవచ్చు. నమలడమంతా రెండో వైపు పడి, అటువైపు పళ్ళు అరుగుతాయి. అయితే వరసలో చిట్టచివరి దవడ పన్ను పోతే కథ వేరు. దాని వెనక ఆసరాకు పన్ను లేదు, చాలామందికి అది లేకపోయినా నమలడానికి ఇబ్బంది ఉండదు. అలాంటప్పుడు ఏమీ చేయకుండా వదిలేయమనే చెబుతాను.

అపోహ: ఎన్ని పళ్ళు పోయినా అటొకటి ఇటొకటి ఉంటే బ్రిడ్జి కట్టొచ్చు.

1926లో ఆంటే అనే దంతవైద్యుడు చెప్పిన సూత్రం మాకు కాలేజీలో నేర్పుతారు. మోసే పళ్ళ వేళ్ళ వైశాల్యం, పోయిన పళ్ళ వేళ్ళ వైశాల్యానికి తక్కువ కాకూడదు. దీన్ని అక్షరాలా పాటించకపోయినా లోపలి ఆలోచన మాత్రం సరైనదే. పైగా ఖాళీ పొడవు పెరిగేకొద్దీ బ్రిడ్జి వంగే గుణం విపరీతంగా పెరుగుతుంది. ఒక పన్ను ఖాళీతో పోలిస్తే రెండు పళ్ళ ఖాళీలో 8 రెట్లు, మూడు పళ్ళ ఖాళీలో 27 రెట్లు. అలా కొద్దికొద్దిగా వంగుతూ ఉంటే సిరామిక్ రాలుతుంది, లోపలి సిమెంట్ వదులవుతుంది. ఎక్స్‌రే తీయకుండా, వేళ్ళ చుట్టూ ఎముక ఎంత ఉందో చూడకుండా ఎవరైనా "అయిపోతుందండి" అంటే అక్కడ కట్టించుకోవద్దు.

అపోహ: పన్ను పీకిన వారానికే ఫిక్స్‌డ్ పళ్ళు కట్టించుకోవచ్చు.

పెళ్ళిళ్ళ సీజన్‌లో ఈ ఒత్తిడి మాకు మరీ ఎక్కువ. పన్ను తీశాక ఎముక, చిగురు సర్దుకోవడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. తొందరపడి కడితే తర్వాత చిగురు కుంచించుకుపోయి, మధ్య పన్ను కింద నల్లగా సందు కనిపిస్తుంది. ఈలోగా తాత్కాలిక బ్రిడ్జి పెట్టుకుని పెళ్ళికి వెళ్ళొచ్చు, ఫొటోలో తేడా తెలియదు.

ఇక చిన్న చిన్న సందేహాలు. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్నది అబద్ధం. చూపు నరం వేరు, పళ్ళకు వెళ్ళే నరం వేరు. షుగర్ ఉన్నవాళ్ళు కూడా బ్రిడ్జి కట్టించుకోవచ్చు, షుగర్ అదుపులో ఉండాలి, చిగుళ్ళు ఆరోగ్యంగా ఉండాలి. మెటల్ బ్రిడ్జి ఉంటే ఎమ్మారై తీయరని భయపడేవాళ్ళున్నారు. మామూలుగా తీస్తారు. దవడ దగ్గర బొమ్మ కాస్త చెదరవచ్చు, టెక్నీషియన్‌కు ముందే చెబితే చాలు. పళ్ళు పాలలా తెల్లగా ఉండాలని పట్టుబట్టకండి. నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళకు గోధుమరంగు చారలుంటాయి. వాటి మధ్య తెల్లటి పన్ను పెడితే అందరి కళ్ళూ దాని మీదికే పోతాయి.

అపోహ: పదిహేనేళ్ళ వారంటీ కార్డు ఉంది, అప్పటిదాకా ఢోకా లేదు.

ఆ కార్డు సాధారణంగా జిర్కోనియా ముక్కకే, మీ పంటికి కాదు. బాగా కట్టి, బాగా చూసుకున్న బ్రిడ్జిలు పదేళ్ళు దాటి నడవడం మామూలే, ఇరవై ఏళ్ళవీ నేను చూశాను. రోడ్డు పక్కన కూర్చుని, వైరుతో, ప్లాస్టిక్ పిండితో గంటలో పక్క పళ్ళకు బిగించేసే "ఫిక్స్‌డ్ పళ్ళు" మాత్రం బ్రిడ్జి కిందికి రావు. అవి చిగుళ్ళలోకి దిగబడి చీము పట్టాక, గట్టిగా ఉన్న పక్క పళ్ళను కూడా తీసేయాల్సి వచ్చిన పెద్దవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. తక్కువ ఖర్చులో కావాలంటే తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు ఉంది, ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి.

ఎప్పుడైనా బ్రిడ్జి ఊడి చేతికొస్తే ఫెవిక్విక్‌తో అతికించుకోకండి. అది చిగురును కాలుస్తుంది. పైగా వంకరగా అతుక్కుంటే బ్రిడ్జి, పన్ను రెండూ పనికిరాకుండా పోతాయి. కడిగి చిన్న డబ్బాలో వేసుకుని రెండు మూడు రోజుల్లోపు రండి. కింద పన్ను బాగుంటే శుభ్రం చేసి అదే బ్రిడ్జిని మళ్ళీ అతికించొచ్చు. నెల తర్వాత వస్తే పళ్ళు కదిలిపోయి అది కూర్చోకపోవచ్చు.