"ఇంట్లో అన్నీ వచ్చు సార్, పరీక్షలోనే బ్లాంక్": మ్యాథ్స్ అపోహలు - వాస్తవాలు

పరీక్షలు దగ్గరపడే కొద్దీ నాకు ఒకే ఫోన్ వేర్వేరు నంబర్ల నుంచి వస్తుంది. "సార్, మా వాడికి ఇంట్లో అన్నీ వచ్చు. హాల్లో కూర్చోగానే బ్లాంక్ అయిపోతున్నాడు. టెన్షన్ తగ్గడానికి ఏదైనా చెప్పండి."

చెన్నైలో ఉంటున్న మన తెలుగు పిల్లలకి సాయంత్రాలు ఆన్‌లైన్‌లో డౌట్లు చెబుతుంటాను. ఎక్కువమంది వేళచ్చేరి, పెరుంగుడి వైపు వాళ్లు. పగలంతా ఆఫీసులో ఉండి, రాత్రి పదింటికి పిల్లాడి నోట్సు తిరగేస్తున్న తల్లిని చూస్తే పాపం అనిపిస్తుంది. కానీ చాలాసార్లు అసలు సంగతి టెన్షన్ కాదు.

అపోహ: సొల్యూషన్ చూసి అర్థమైతే ఆ లెక్క వచ్చేసినట్టే.

వాస్తవం: రాలేదు. అర్థమైంది, అంతే.

ఒక పదో తరగతి అమ్మాయి ఎక్స్ స్క్వేర్ ఈక్వల్ టు 5 ఎక్స్ అనే లెక్క పంపింది. రెండువైపులా ఎక్స్ కొట్టేసి 5 అని రాసేసింది. కొట్టేయొద్దమ్మా, ఆ ఎక్స్ సున్నా కూడా కావచ్చు కదా, అంతా ఒకవైపుకి తెచ్చి కామన్ తీయి, సున్నా, 5 రెండూ వస్తాయి అన్నాను. "ఓ, సున్నా పోయిందా సార్! అర్థమైంది" అంది. నిజంగానే అర్థమైంది. కొన్నాళ్లాగి ఎక్స్ స్క్వేర్ ఈక్వల్ టు 7 ఎక్స్ ఇస్తే ఒక్క 7 మాత్రమే రాసింది. తెలివైన పిల్లే. కాకపోతే ఎక్స్‌ని కొట్టేయకూడదని మొదటిసారి ఆలోచించింది నేను, తలూపింది తను. పరీక్ష హాల్లో ఆ ఆలోచన చేసిపెట్టేవాళ్లు ఉండరు.

"ఇంట్లో అన్నీ వచ్చు" అన్నప్పుడు పక్కన గైడ్ తెరిచి ఉందా లేదా చూడండి. ఇప్పుడు గైడ్ కూడా అక్కర్లేదు, ఫొటో తీస్తే యాప్ స్టెప్పులతో సహా చూపిస్తోంది. ఒక్కో లైను చదువుతుంటే అన్నీ సబబుగానే ఉంటాయి, డౌటే రాదు. ఆ తేలికే మోసం చేస్తుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులతో చేసిన ప్రయోగం ఇదే చెబుతుంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పాఠం మూసి, గుర్తున్నది రాసినవాళ్లు వారం తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. అది లెక్కల మీద చేసింది కాదు. అయినా తెల్లకాగితం ఇచ్చి కూర్చోబెట్టినప్పుడు నాకు కనిపించేది అదే.

అలాగని కొత్త చాప్టర్ మొదటిరోజే తల బద్దలు కొట్టుకోమనడం లేదు. మొదట్లో చేసి ఉన్న లెక్కలు చూడటం మంచిదే. ఏడాదంతా అక్కడే ఆగిపోతేనే ప్రమాదం. సొల్యూషన్ చదివాక మూసేయాలి. కాగితం మీద మొదటినుంచీ రాయాలి. ఆగిన చోట ఆ ఒక్క లైను చూసి మళ్లీ మూయాలి. మర్నాడు అంకెలు మార్చి చేయాలి. ఫొటో పంపిన పిల్లాణ్ని నేను "ఎక్కడిదాకా చేశావ్?" అని అడిగేది ఇందుకే. ఆన్సర్ చెప్పడానికి సారుకి బద్ధకం అని ఒకరిద్దరు అన్నారు కూడా. అననివ్వండి.

నెల్లూరులో ఇంటర్ చదివేటప్పుడు మా లెక్చరర్ లెక్క మొత్తం చేసి, బోర్డు తుడిచేసి, "ఇప్పుడు రాయండ్రా" అనేవారు. తిట్టుకునేవాళ్లం. ఆయన చెప్పిన చాప్టర్లు ఇప్పటికీ పుస్తకం తెరవకుండా చెప్పగలను.

అపోహ: మ్యాథ్స్ బుర్ర పుట్టుకతో రావాలి. దీనికి అందరూ రామానుజన్ పేరే ఎత్తుతారు, అమ్మవారు కలలో చెప్పిందని. నామగిరి అమ్మవారి దయ అని ఆయనే అనేవారు, కాదనను. మరి కుంభకోణంలో పదహారేళ్ల వయసులో చేతికొచ్చిన ఆ పాత పుస్తకం సంగతేమిటి? ఒక ఇంగ్లిష్ ట్యూటర్ కూర్చిన ఫలితాలు అందులో వేలల్లో ఉన్నాయి, నిరూపణలు మాత్రం అరకొర. కాగితం ఖరీదని పలక మీద ఒక్కోటి తనే చేసుకుంటూ, మోచేత్తో తుడిచేస్తూ పోయాడాయన. 1912లో మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా చేరేనాటికి ఆ చాకిరీ ఏళ్లుగా సాగుతోంది. అందరం రామానుజన్‌లం కాము. పలక పట్టుకోవడానికి అదేం అడ్డు?

అమ్మాయిలకి మ్యాథ్స్ రాదట. 2014లో మిర్జాఖానీకీ, 2022లో వియాజోవ్‌స్కాకీ, ఇద్దరు మహిళలకీ, గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. దీని మీద ఇంతకంటే మాట్లాడే ఓపిక నాకు లేదు.

సీబీఎస్ఈ పదిలో మ్యాథ్స్ పరీక్ష బేసిక్, స్టాండర్డ్ అని రెండు రకాలు, వాటి సిలబస్‌లు వేరన్నది వాట్సాప్ పుకారు. సిలబస్ ఒకటే, ప్రశ్నపత్రం స్థాయే వేరు. ఏది తీసుకుంటే పదకొండులో ఏ గ్రూపు ఇస్తారో మాత్రం స్కూల్లో అడగండి, పక్కింటివాళ్లని కాదు.

చివరి ఆన్సర్ తప్పితే సున్నా అన్నదీ అబద్ధమే. సీబీఎస్ఈలో పెద్ద ప్రశ్నలకి స్టెప్పుల మార్కులుంటాయి. చివర్లో అంకె కుదరలేదని రాసిందంతా అడ్డంగా కొట్టేసి రావద్దని పిల్లలకి ముందురోజే చెప్పండి.