బాలింత, గుడాకు: అపోహలు - వాస్తవాలు

"తొమ్మిది నెలలు గుడాకు ముట్టుకోలేదండీ, ఇంక మానేసినట్టే." గుడాకు అంటే పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద. పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి కౌన్సెలింగుకి వచ్చే ఇళ్లలో ఈ మాట విని విని ఉన్నాను. చెప్పేది చాలాసార్లు అత్తగారే, అదీ కోడలి గురించి గర్వంగా. నాకేమో అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు మానితే పూర్తిగా మానినట్టే.

వాస్తవం: కానే కాదు. చాలామంది మానేది కడుపులో బిడ్డ కోసం. వేవిళ్లలో ఆ వాసన కూడా పడదు కాబట్టి మానడం కొంత తేలికే. పురుడయ్యాక ఆ రెండు కారణాలూ పోతాయి, పైగా రాత్రి నిద్ర ఉండదు. పొగాకులో ఉండే నికోటిన్ ఉత్తేజాన్నిచ్చే మందు, అలసిన ఒంటికి అదేం చేసేదో మెదడు మర్చిపోదు. మళ్లీ మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది బిడ్డ పుట్టిన మొదటి ఏడాదిలోనే మొదలుపెడతారు.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో ఇంకో మెలిక ఉంది. పురుడు పుట్టింట్లో, అంటే పాతపట్నంలోనో టెక్కలిలోనో. అక్కడి ఆశా 42వ రోజు దాకా ఇంటికొచ్చి చూస్తుంది. మూడో నెలో ఐదో నెలో రాగానే బిడ్డనెత్తుకుని ఒడిశాలో అత్తారింటికి ప్రయాణం. అక్కడ పెరట్లో నూతి గట్టు మీద అదే డబ్బా, పొద్దున్నే పళ్లు తోముకుంటూ అవే కబుర్లు, ఆ వాసన తగలగానే నోరూరుతుంది. రాష్ట్రం మారింది, ఆశా మారింది, "గుడాకు సంగతేంటమ్మా" అని అడిగే మనిషే లేదు.

దీనికి తోడు మలబద్ధకం. పురుడయ్యాక 180 రోజులు ఐరన్ మాత్ర వేసుకోమంటారు, దానితో కొందరికి మోషన్ గట్టిపడుతుంది. పథ్యం పేరుతో నీళ్లు, కూరలు తగ్గించేస్తారు, ఇంకా గట్టిపడుతుంది. అప్పుడు ఎవరో పెద్దావిడ "చిటికెడు వేసుకోవే, సాఫీగా అయిపోద్ది" అంటుంది. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, అందుకే ఆ సలహా పనిచేసినట్టే ఉంటుంది, కొన్నాళ్లకి డబ్బా లేకపోతే బాత్రూముకే వెళ్లలేని పరిస్థితి. ఐరన్ మానొద్దు. నీళ్లు బాగా తాగనివ్వండి, ఆకుకూర పెట్టండి, అప్పటికీ తగ్గకపోతే పాలిచ్చే తల్లి వాడదగ్గ విరేచనం మందు డాక్టర్ని అడగండి. పథ్యం పెట్టే పెద్దవాళ్లతో నాకు గొడవలయ్యేది ఈ నీళ్ల దగ్గరే!

అందుకే అత్తారింటికి వెళ్లకముందే ఆ ఇంటివాళ్లతో మాట్లాడాలి. ఒకావిడ, తనకే ఏళ్లనాటి అలవాటు, నాతో సూటిగా చెప్పేశారు: "నాను మానలేనమ్మా, కానీ నా డబ్బా దాని కంట పడనివ్వను." పక్కింట్లో పెట్టుకుని అక్కడే తోముకుని వచ్చేవారు. ఆవిడ ఇప్పటికీ మానలేదు. కోడలు మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. నేను కుటుంబాల్ని అడిగేది అంతే, ఇంటిల్లిపాదీ మానమని కాదు.

అపోహ: గుడాకు వేసుకుంటే బిడ్డకి పాలు మాన్పించాలి.

వాస్తవం: వద్దు. నికోటిన్ పాలలోకి వెళ్తుంది, నిజమే, పాలు కూడా తగ్గొచ్చు. అయినా తల్లిపాలే మేలు. భయపడి, ఎవరికీ చెప్పుకోలేక డబ్బా పాలకి మారిపోయిన పిల్లల్ని చూస్తే జాలేస్తుంది. పాలిస్తూనే మానే ప్రయత్నం చేయండి, నికోటిన్ చూయింగ్ గమ్ కావాలంటే డాక్టర్ని అడిగి వాడండి. మెత్, కొకైన్ లాంటి మత్తుమందులైతే లెక్క వేరు, ఒక్కసారి వాడినా పాలివ్వడం ఆపి వెంటనే డాక్టరుకి చెప్పాలి.

అపోహ: మానాక మళ్లీ ఒకసారి వేసుకుంటే ఇంక అంతా పోయినట్టే. పోలేదు. తిట్టకండి, తిడితే దాచిపెట్టి వాడుతుంది, అంతకు మించి ఒరిగేదేం లేదు.

అపోహ: గుడాకు పళ్లకి మంచిది. పళ్లపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని 1992లోనే నిషేధించారు. ఇంకేం చెప్పమంటారు? డబ్బా మాత్రం పాకే బిడ్డకి అందకుండా పెట్టండి, కాస్త నోట్లో పెట్టుకున్నా ప్రమాదమే.

ఒడిశా వచ్చాక అక్కడి ఆశా దీదీకి తల్లీబిడ్డ కార్డు చూపించి పేరు రాయించుకోండి. మూడో నెల నుంచి ఇంటికొచ్చి చూసే కార్యక్రమం ఒకటుంది, మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకి. ఆమె అడక్కపోతే మీరే గుడాకు సంగతి ఎత్తండి. పొగాకు మానడానికి 1800112356కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. బాలింతకి ఏడుపు ఆగకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి చేయండి, తెలుగులో కూడా మాట్లాడతారు. బాలింత ఫోన్ చేసేటప్పుడు బిడ్డని కాసేపు ఎవరైనా ఎత్తుకోండి.