సైన్స్‌లో కెరీర్, మన స్వభావం: కొన్ని అపోహలు, వాస్తవాలు

సైన్స్‌లో ఏ దారి పట్టాలో తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ముందు అడిగేది "ఏ సబ్జెక్ట్ తీసుకోవాలి?" అనే. అందులో రోజూ చేసే పని ఏమిటో మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: ఫిజిక్స్ ఇష్టమైతే ఫిజిక్స్‌లో ఏ పనైనా నచ్చుతుంది.

వాస్తవం: అలా ఏం లేదు. 1923లో మ్యూనిక్‌లో డాక్టరేట్ మౌఖిక పరీక్షకు వెళ్లిన జర్మన్ ఫిజిసిస్ట్ హైజెన్‌బర్గ్‌కి థియరీలో తిరుగులేదు, కానీ ప్రయోగాల ప్రొఫెసర్ వీన్ మైక్రోస్కోప్ గురించీ, ఆఖరికి బ్యాటరీ ఎలా పనిచేస్తుందనీ అడిగేసరికి నీళ్లు నమిలి, అత్తెసరు గ్రేడుతో బయటపడ్డారు. 1932 ఫిజిక్స్ నోబెల్ ఆయనదే.

బయాలజీలోనూ అంతే. ల్యాబ్‌లో అయితే మైక్రోపిపెట్‌తో (అతి చిన్న చుక్కల్ని కొలిచి వేసే పరికరం) 96 గుంటల ప్లేట్‌లో రంగులేని చుక్కలు వేసుకుంటూ పోవాలి, మధ్యలో ఎవరో పలకరిస్తే ఏ గుంట దాకా వచ్చామో మర్చిపోయి మళ్లీ మొదటినుంచి. దీనికి విసుక్కోనివాళ్లు ఉన్నారు (నేను కాదు!). అదే బయాలజీలో ఇంకొకరు పిపెట్ ముట్టుకోకుండా, జన్యు డేటా ముందేసుకుని కోడ్‌లో తప్పు వెతుకుతూ రోజంతా గడిపేస్తారు.

అపోహ: మితభాషులకే సైన్స్.

వాస్తవం: ఏళ్ల తరబడి మొక్కజొన్న మీద చాలావరకు ఒంటరిగా పనిచేసిన జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్‌కి 1983లో నోబెల్ వచ్చింది. యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర కేంద్రం సెర్న్ ప్రయోగాల నుంచి 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశిపై వచ్చిన పేపర్‌కేమో రచయితలు 5,000 మందికి పైనే. అంతమందిని ఒక మాట మీదికి తేవాలంటే మాటకారులు కావాలి మరి.

అపోహ: పర్సనాలిటీ టెస్ట్ రాస్తే కెరీర్ తేలిపోతుంది.

వాస్తవం: మన స్వభావానికి నాలుగక్షరాల కోడ్ ఇచ్చే టెస్ట్‌ని కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి కోడే మారిపోతుంది, దాన్ని నమ్ముకుని కోర్సు ఎంచుకోవద్దు. అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన ఆసక్తుల పద్ధతి కాస్త నయం. ఆరు రకాల ఆసక్తుల్లో మనలో బలంగా ఉన్న రెండు మూడింటిని కలిపి చూస్తారు. పరిశోధనాసక్తికి మనుషులతో పని తోడైతే వైద్యం వైపు, చేతిపని తోడైతే పరికరాల వైపు చూడొచ్చు. అయితే అది చెప్పేది ఆసక్తి గురించే, సామర్థ్యం గురించి కాదు.

అపోహ: మార్కులొచ్చిన సబ్జెక్టే ఇష్టమైన సబ్జెక్ట్.

వాస్తవం: పరీక్ష అయిన మర్నాడు కూడా ఆ పుస్తకం తెరవాలనిపిస్తోందా, లేదా?

ఎవరైనా రీసెర్చర్ దొరికితే "మీ ఫీల్డ్ ఎలా ఉంటుంది?" అని అడక్కండి, అందరూ బాగుంటుందనే అంటారు. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారో గంట గంటకీ చెప్పమనండి.