దూలగొండి పనిచేస్తుంది సరే, రోజూ తాగగలరా?

పార్కిన్సన్స్‌కి (వణుకు జబ్బుకి) దూలగొండి పనిచేస్తుందా అన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్న కాదు. కాయ మీది నూగు తగిలితే ఒళ్లంతా దురదే గానీ, లోపలి గింజలో ఉన్నది లెవోడోపా, డాక్టర్లు రాసే మాత్రలోని మందే. మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లోనే దాన్ని గింజ నుంచి వేరుచేశారు. కానీ ఈ జబ్బులో మెదడులో డోపమైన్ (కదలికలను నడిపే రసాయనం, లెవోడోపా మారేది దానిగానే) తగ్గిపోతుందని వియన్నాలో హార్నికీవిజ్ 1960లో చూపించేదాకా, 1967లో అమెరికాలో కోట్జియాస్ పెద్ద మోతాదుల్లో డోపాను నోటి ద్వారా ఇచ్చి ఫలితం రాబట్టేదాకా దాని విలువ తెలియలేదు.

చిక్కు వాంతులతో వచ్చింది. ఒట్టి లెవోడోపా మింగితే చాలాభాగం మెదడుకు చేరకముందే పేగుల్లో, ఒంట్లోని ఇతర భాగాల్లో డోపమైన్‌గా మారిపోతుంది. దాంతో వికారం, లేచి నిలబడితే బీపీ పడిపోవడం. అందుకే 1970ల నుంచి మాత్రలో ఆ మార్పును అడ్డుకునే కార్బిడోపా గానీ బెన్సెరజైడ్ గానీ కలుపుతున్నారు. దూలగొండి గింజల పొడిలో ఆ తోడు లేదు. 100 మి.గ్రా. మాత్ర చేసే పనికి పొడి నుంచి దాదాపు 500 మి.గ్రా. లెవోడోపా అందాలి. గింజలో 5 శాతం ఉందనుకుంటే అది 10 గ్రాముల పొడి, అదీ ఒక్క పూటకు.

మన దేశంలో 60 మందికి 12 వారాలపాటు దూలగొండి పొడి 7.5 గ్రాముల పొట్లాలుగా నీళ్లలో కలిపి రోజుకు 3 నుంచి 6 సార్లు ఇచ్చిన అధ్యయనం 1995లో వెలువడింది. మెరుగుదల కనిపించింది, కానీ పక్కన పోల్చడానికి మాత్రల జట్టు లేదు. 2004లో లండన్‌లో 8 మందికి పొడినీ మాత్రనూ వేర్వేరు రోజుల్లో ఇచ్చి చూస్తే, 30 గ్రాముల పొడి 35 నిమిషాల్లో పట్టు చూపింది. మాత్రకు 69 నిమిషాలు పట్టింది. 2017లో బొలీవియాలో 18 మందిపై చేసిన పరీక్షలోనూ వేయించిన గింజల పొడి మాత్రకు తీసిపోలేదు. అయితే ఈ రెండూ ఒక్కో మోతాదు పరీక్షలే.

రోజువారీ వాడకం సాధ్యమా అన్నది బొలీవియా పరీక్ష చేసిన బృందమే 2018లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. 14 మంది కొన్ని వారాలు పొడి, కొన్ని వారాలు మాత్ర వాడాలి. పొడి దశలో ఏడుగురు మధ్యలోనే మానేశారు: నలుగురు కడుపు బాధలతో, ముగ్గురు కదలికలు క్రమంగా దిగజారి. మాత్ర దశలో ఒక్కరూ మానలేదు. పొడి ఒంటికి సరిపడినవారికి మాత్రం ఫలితం మాత్రతో సమానంగానే ఉంది. నా దృష్టిలో ఇన్నేళ్ల పరీక్షలన్నింటిలో పనికొచ్చే అంకె ఆ ఏడే. మాత్ర కొనలేని చోట సగం మందికి దారి దొరికినట్టు. మాత్ర చవగ్గా దొరికే చోట మారడానికి కారణం కనిపించదు.

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇంకొకటి: మాత్ర వేసుకుంటూనే, డాక్టరుకు చెప్పకుండా కపికచ్ఛు చూర్ణం (ఇదే దూలగొండి పొడి) కలపడం. మాత్రలోని కార్బిడోపా పొడిలోని లెవోడోపాకీ తోడవుతుంది. అప్పుడు చిన్న చెంచాడే పెద్ద మోతాదై, ఒళ్లు దానంతటదే మెలికలు తిరిగే కదలికలు మొదలవుతాయి. గింజను బట్టి లెవోడోపా శాతం మారుతుంది గనక కొత్త డబ్బా విప్పినప్పుడల్లా మోతాదూ మారినట్టే. పొడి ఉంది కదా అని మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే తీవ్రమైన బిగుతు, జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు.