చిన్న బైనాక్యులర్స్: అపోహలు - వాస్తవాలు

పక్షులు చూడటం మొదలుపెట్టినవాళ్ళు "చేతిలో ఇమిడేవి, మంచివి ఏవి?" అని అడుగుతుంటారు. వాటిని ఎలా పరీక్షించుకోవాలో అడిగేవాళ్ళు తక్కువ. నేను చెప్పేది ఒక్కటే: డబ్బా మీది అంకెలు సగమే చెబుతాయి, మిగతా సగం ఆరుబయట మీ కంటితో తేల్చుకోవాలి.

అపోహ: 6×30 కంటే 10×25 గొప్పది.

మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటి వైపు వచ్చే వెలుగు వృత్తం కొలత వస్తుంది. దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటాం. 10×25లో అది 2.5 మి.మీ., 6×30లో 5 మి.మీ.

మిట్టమధ్యాహ్నం మన కంటిపాప 2-3 మి.మీ.కి ముడుచుకుంటుంది కాబట్టి అప్పుడు రెండింటి వెలుతురులో పెద్ద తేడా తెలియదు. పొద్దువాలాక పాప విచ్చుకుంటుంది, 10×25లో దృశ్యం మసకబారుతుంది. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు గూళ్ళకు తిరిగొచ్చేది చూడాలంటే ఆ వేళే ముఖ్యం. పైగా వృత్తం పెద్దదైతే కన్ను కాస్త పక్కకు జరిగినా దృశ్యం నల్లబడదు. పిల్లలకూ, కళ్ళజోడు ఉన్నవాళ్ళకూ ఇది పెద్ద ఊరట.

చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుందని మర్చిపోవద్దు. పదిరెట్ల దాంట్లో ఈక మీది గీత వణుకులో కలిసిపోతుంటే, ఆరు రెట్ల దాంట్లో అది నిలకడగా కనిపిస్తుంది. 8 డిగ్రీల వెడల్పు చూపించే 6×30లో వెయ్యి మీటర్ల దూరాన దాదాపు 140 మీటర్ల మేర కనబడుతుంది. కొమ్మల్లో గెంతే పిట్టను పట్టుకోవడానికి అది చాలా అక్కరకొస్తుంది.

అపోహ: షాపులో క్లియర్‌గా కనిపిస్తే చాలు.

ట్యూబ్‌లైట్ కింద ఎదురు గోడ మీది క్యాలెండర్ ఏ బైనాక్యులర్స్‌లోనైనా బాగానే ఉంటుంది. బయటికి తీసుకెళ్ళి, తెల్లటి మబ్బు ముందు కరెంటు తీగ మీద వాలిన కాకిని చూడండి. సరిగ్గా మధ్యలో పెట్టి ఫోకస్ చేయండి. రెక్క అంచు నల్లగా, తెగినట్టు ఉండాలి. ఇప్పుడు కాకిని మెల్లగా పక్కకు జరపండి. ఒకవైపు ఊదా, మరోవైపు పసుపుపచ్చ గీత మొదలవుతుంది. అంచుల్లో కాస్త ఉంటే పరవాలేదు. ఆరు రెట్ల దాంట్లో మధ్యలోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తే, నేనైతే దాన్ని తిరిగి ఇచ్చేస్తాను.

తర్వాత వెలుతురున్న ఆకాశం కింద నీడలో ఉన్న చెట్టు మొదలు చూడండి. బెరడు చారలు విడివిడిగా కనిపించాలి. పాలు కలిపినట్టు తెల్లటి పొర కమ్మితే లోపల వెలుగు చెదురుతోందని అర్థం. చిన్న బైనాక్యులర్స్‌లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకండి, కన్ను పోతుంది.

అపోహ: లెన్స్ ఎర్రగా మెరిస్తే ఖరీదైన కోటింగ్.

ఆ ఎరుపు, లోపలికి వెళ్ళాల్సిన కాంతి వెనక్కి వచ్చేస్తోందనడానికి గుర్తు. దృశ్యం నీలిపచ్చగా కనిపిస్తుంది. మంచి మల్టీకోటింగ్ (కాంతి వెనక్కి పోకుండా పొరలు పొరలుగా వేసే పూత) మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం వెలుగు తక్కువగా, పచ్చగానో ఊదాగానో ఉంటుంది. కోటింగ్ లేని గాజు ఒక్కో తలం దగ్గర 4 శాతం వరకు కాంతిని పోగొడుతుంది. లోపల అలాంటి తలాలు పదికి పైనే.

అపోహ: గొట్టాలు నిటారుగా ఉన్న మోడలే ఆధునికం, మెరుగు.

తలకిందులైన దృశ్యాన్ని నిటారుగా తిప్పే గాజు దిమ్మను ప్రిజం అంటాం. వాటిలో వాడే రూఫ్ ప్రిజం పూర్తి పదును చూపాలంటే దాని మీద ఫేజ్ కోటింగ్ అనే ప్రత్యేక పూత కావాలి. మామూలుగా వాడే రకానికి అద్దంలా కాంతిని తిప్పికొట్టే పూత కూడా కావాలి. చవక మోడళ్ళలో వీటి దగ్గరే పొదుపు చేస్తారు. పాతకాలపు మెలిక ఆకారంలో ఉండే పోరో ప్రిజానికి ఈ రెండూ అక్కర్లేదు. తక్కువ బడ్జెట్ అయితే నా ఓటు పోరోకే. కాస్త లావుగా ఉంటుంది, అంతే.

అపోహ: అంచు దాకా పదును లేకపోతే నాసిరకం.

అంచు దగ్గర మసగ్గా ఉంటే ఫోకస్ చక్రం కొద్దిగా తిప్పండి. పదును తేలితే అది ఫీల్డ్ వంపు (మధ్య, అంచు ఒకేసారి ఫోకస్ కాకపోవడం) మాత్రమే, వాడకంలో పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఎంత తిప్పినా తేలకపోతే అసలు లోపం ఉన్నట్టే.

అపోహ: తలనొప్పి వస్తే అలవాటు కాలేదనే.

ముందు కుడికంటి డయాప్టర్ (రెండు కళ్ళ చూపులో తేడాను సర్దే చక్రం) సరిచేసుకోండి. అప్పటికీ కళ్ళు లాగుతుంటే, దూరంగా ఉన్న కరెంటు తీగను చూస్తూ బైనాక్యులర్స్‌ని కళ్ళ నుంచి కొద్దికొద్దిగా వెనక్కి జరపండి. రెండు గొట్టాల్లో తీగ వేర్వేరు ఎత్తుల్లో కనిపిస్తే అమరిక తప్పింది. అది ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో సరిచేసే పని కాదు, మార్చి ఇమ్మని అడగండి.