లేపాక్షి పైకప్పు మీది చీరలు: అపోహలు - వాస్తవాలు

అనంతపురం నుంచి టూరిస్టులను ఊళ్లు తిప్పడం నా పని. పాత బట్టలు, నేత చూడాలని వచ్చేవాళ్లతో పాటు కొన్ని అపోహలూ కారెక్కుతుంటాయి.

అపోహ: పాతకాలపు బట్టలు చూడాలంటే అహ్మదాబాద్ కాలికో మ్యూజియం లాంటి చోటికే పోవాలి.

వాస్తవం: 1949లో మొదలైన ఆ మ్యూజియం చూడాల్సిందే, కాదనను. కానీ నూలూ పట్టూ వెలుతురుకు, తేమకు, పురుగుకు ఎంతకాలం ఆగుతాయి? విజయనగర కాలపు మన చీర ఎలా ఉండేదో తెలియాలంటే ఆనాటి రంగుల బొమ్మలే దిక్కు. ఆ బొమ్మలు హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో, లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు లోపలివైపు ఉన్నాయి. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు చూడండి: ఒకదానికి గళ్లు, ఇంకోదానికి చారలు, మరోదానికి పూలు. కొంగు కొసలు గంజి పెట్టినట్టు కోసుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. కొప్పు పక్కకు ఒరిగి ఉంటుంది.

మెడ నొప్పి అనేవాళ్లకు నేనొక చిన్న అద్దం ఇస్తాను. నడుము దగ్గర పట్టుకుని కిందికి చూస్తే పైకప్పు అందులో కనిపిస్తుంది. ఫ్లాష్ మాత్రం వద్దు.

అపోహ: లేపాక్షి అంటే నేలకు పూర్తిగా ఆనని ఆ వేలాడే స్తంభమే.

వాస్తవం: స్తంభం కింద చేతిరుమాలు దూర్చి, ఇటు నుంచి అటు లాగి, సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు. బొమ్మలు సరిగ్గా వాళ్ల నెత్తి మీదే ఉంటాయి! మొదట్లో నేనూ రుమాలు చేతికిచ్చి తొందరపెట్టినవాణ్ణే.

అపోహ: బొమ్మల్లోని మగవాళ్ల పొడుగు టోపీ పరాయిది, మనది కాదు.

వాస్తవం: సగం నిజం. ఆ టోపీని కుళ్ళాయి అంటారు, ఆ మాట పారశీకం నుంచి వచ్చింది. కానీ విజయనగర దర్బారులో అదే మర్యాద. గుడి కట్టించిన అన్నదమ్ములు కూడా బొమ్మలో దాంతోనే కనిపిస్తారు. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం తల మీదా అదే ఉంది.

అపోహ: ధర్మవరంలో కొన్నదల్లా చేనేతే.

వాస్తవం: ధర్మవరం చేనేత పట్టుచీరకు జీఐ (ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉంది. అంచు చీరలు చేతిమగ్గం మీదే నేయాలని 1985 నాటి చట్టమూ ఉంది. అయినా అంగట్లో పవర్‌లూమ్ చీర పక్కనే ఉంటుంది. అందుకే నేను ముందు మగ్గమున్న ఇంటికి తీసుకుపోతాను. పైన డిజైను నడిపే జకార్డ్ పరికరంలో చిల్లుల అట్టలు ఒక్కొక్కటే తిరుగుతుంటే కింద అంచులో పువ్వు వరుస వరుసగా తేలుతుంది.

ఒకసారి మా టూరిస్టొకాయన అడక్కుండా ఆ అట్టలను ఫొటో తీయబోయి ఫోన్ ఎత్తాడు. నేతాయన మగ్గం ఆపేసి నా వైపు తిరిగాడు: "ఏమప్పా, నువ్వన్నా చెప్పద్దా? ఈ పొద్దు ఫొటో తీస్తే రేపు ఇదే డిజైను పవర్‌లూమ్‌లో దిగుతాది."