బరంపురం డిగ్రీకీ డీటీపీ షాపుకూ మధ్య దూరం

తర్వాత ఖల్లికోట పేరు పెట్టుకున్న కాలేజీ 1878లో మొదలైనప్పుడు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. చదివినవాడు గుమస్తానో, ప్లీడరో, పంతులో కావాలన్నదే అప్పటి లెక్క. బొమ్మలూ చేతిపనులూ నేర్పే బడి వేరు. అది 1850లో మద్రాసులో పెట్టింది. 1936 ఏప్రిల్ 1న బరంపురం ఉన్న గంజాం జిల్లా ఒడిశాలో కలవడంతో ఆ బడి మరో రాష్ట్రానిదైపోయింది. 1950ల్లో ఖల్లికోట ఊళ్లో చిత్రకళాశాల వచ్చింది గానీ, బీఏ పిల్లలకు దాంతో పనిపడలేదు. 1967లో బరంపురం విశ్వవిద్యాలయం ఏర్పడ్డాకా డిగ్రీకీ చేతిపనికీ మధ్య గోడ అలాగే ఉంది.

2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) డిగ్రీ చదువులకు కొత్త చట్రం ఇచ్చింది: మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4. క్రెడిట్‌కు 30 గంటల చొప్పున, 60 నుంచి 120 గంటలు. ఆ గంటలను డీటీపీ షాపులో, అంటే కార్డులూ ఫ్లెక్సీలూ కంప్యూటర్‌లో కూర్చే చోట, గడిపితే ఏం నేర్వాలన్నదే ఇక్కడి మాట.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చిన ఇక్కడి కుర్రాడికి రెండు లిపులూ చేతిలో ఉన్నట్టే. అయినా పెళ్లికార్డు దగ్గరే తడబడతాడు. షాపుల్లో పాత తెలుగు ఫైళ్లు అను ఫాంట్లలో, ఒడియావి ఆకృతి అనే ఫాంట్లలో ఉంటాయి. రెండూ యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ ఉమ్మడిగా వాడే అక్షరసంకేతాలు, కావు. వాట్సాప్‌లో వచ్చిన పేరును అతికించి అను ఫాంటు పెడితే పిచ్చిగీతలే. కన్వర్టర్ వాడినా వత్తులు గల్లంతవుతాయి, పేర్లు కంటితో చూడక తప్పదు. యూనికోడే వాడదామంటే, ఫోటోషాప్ పాత వెర్షన్లలో టైప్ సెట్టింగు దక్షిణాసియా లిపులకు మార్చకపోతే ఒత్తులు విడిపోతాయి.

తర్వాతి తప్పు నలుపు. సన్నని అక్షరాలకు నల్ల ఇంకు ఒక్కటే 100 శాతం ఉండాలి. నాలుగు రంగులూ కలిపితే, అచ్చు ప్లేటు వెంట్రుకవాసి జరిగినా తలకట్టు పక్కన రంగునీడ పడుతుంది. అంచు దాటి రంగును 3 మిల్లీమీటర్లు అదనంగా సాగించకపోతే కటింగులో తెల్లగీత తేలుతుంది. కార్డు బొమ్మకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. పెద్ద ఫ్లెక్సీకి అసలు సైజులో 72 చాలు. ఇవేవీ రాతపరీక్షలో బయటపడవు. మార్కులను, దిద్దిన ప్రూఫులకు (అచ్చుకు ముందు తీసే నమూనా ప్రతులకు), అంటే మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి చూశాక, వేయాలి. ఉత్త సర్టిఫికెట్‌కు వేస్తే 120 గంటలూ కాగితం మీదే గడుస్తాయి.

ఇంకో చిక్కు క్యాలెండర్‌ది. నాలుగో సెమిస్టర్ తర్వాత, అంటే వేసవిలో, పిల్లల్ని పంపుతారు. వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలతో తెలుగు కార్డుల షాపువాడికి అప్పుడు తలెత్తే తీరిక ఉండదు. కొత్తవాడి చేతికి ఫైలు ఇవ్వడు. నేర్పే ఓపిక దొరికేది ఆషాఢంలో. అప్పటికి కాలేజీలు తెరుస్తారు కాబట్టి అప్పుడు మొదలుపెట్టి వారానికి రెండు మధ్యాహ్నాలు, మూడేసి గంటలు పంపితే పది వారాల్లో 60 గంటలు పూర్తవుతాయి.